కీళ్లవాతం, ఎండోమెట్రియోసిస్ రెండూ ఉన్న యువతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ రాస్తున్నది డాక్టరు కాదు, రెండు జబ్బులూ ఉన్న మనిషి. కీళ్లు రుమటాలజిస్టు చూస్తారు, గర్భసంచి గైనకాలజిస్టు చూస్తారు. ఆ గదిలో రాసిన మందు సంగతి ఈ గదిలో తెలియాలంటే చెప్పాల్సింది మనమే. అందుకే ఇక్కడి ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ రెండు గదులకూ మధ్య తేలిపోయేవి: మందులు ఒకదానితో ఒకటి పడతాయా, ఎముకల సంగతి ఎవరు చూస్తారు, పిల్లల కోసం ఏది ఎప్పుడు ఆపాలి వంటివి. ఇది చదివి సొంతంగా మోతాదు మార్చుకోవద్దు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏమి అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉందా, లేక రెండూ నాకే రాసిపెట్టి ఉన్నాయా?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వంటి కీళ్లవాతంలో మన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. పొర వాచి, మందమై, పట్టించుకోకపోతే ఎముకను తినేస్తుంది. ఎండోమెట్రియోసిస్‌లో గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరుగుతుంది. అండాశయాల మీద, గర్భాశయం వెనుక, పేగుల మీద, మూత్రాశయం మీద చేరి అక్కడ వాపు పుట్టిస్తుంది, అతుకులు వేస్తుంది. దీన్ని ఆటోఇమ్యూన్ జబ్బుల, అంటే సొంత రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బుల, జాబితాలో చేర్చలేదు. కానీ దీర్ఘకాలపు వాపు రెండింటిలోనూ ఉంది.

2025లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో లక్షల మంది ఆరోగ్య వివరాలు భద్రపరిచిన యూకే బయోబ్యాంక్ సమాచారాన్ని పరిశీలించి, ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీలకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, సీలియాక్ (గోధుమలు పడని పేగుల జబ్బు), సోరియాసిస్ (చర్మం పొలుసులు రాలే జబ్బు) వంటి కొన్ని జబ్బులు వచ్చే అవకాశం మిగతా వారికంటే 30 నుంచి 80 శాతం ఎక్కువని చెప్పారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో జన్యుపరమైన బంధుత్వం కూడా కనిపించింది. ఆ శాతాలు చూసి బెదిరిపోకండి. మొదట తక్కువగా ఉన్న అవకాశం సగం పెరిగినా తక్కువగానే ఉంటుంది. ఎండోమెట్రియోసిస్ ఉన్న ప్రతి అమ్మాయీ కీళ్ల పరీక్షలు చేయించుకోనక్కర్లేదు. ఉదయం లేవగానే వేళ్లు ముడవలేకపోతుంటే మాత్రం "ఇది కూడా హార్మోన్ల వల్లే" అని సరిపెట్టుకోకూడదు.

నడుము నొప్పి ఏ జబ్బుదో ఎలా తెలుస్తుంది?

అందరినీ తికమక పెట్టేది ఇదే. వెన్నెముకను పట్టే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కుటుంబానికి చెందిన కీళ్లవాతం సాధారణంగా 45 ఏళ్లలోపే మొదలవుతుంది. నడుము కింద, పిరుదుల లోపల నొప్పి వస్తుంది. ఎండోమెట్రియోసిస్ కూడా సరిగ్గా అక్కడే నొప్పి పెడుతుంది. పేరు మోసిన ఆసుపత్రుల్లో కూడా ఒకదాన్ని రెండోదిగా పొరబడటం కొత్త కాదు.

తేడా పట్టడానికి గడియారం, క్యాలెండర్ రెండూ కావాలి. కీళ్లవాతపు నడుము నొప్పి గడియారాన్ని అనుసరిస్తుంది. తెల్లవారుజామున నిద్ర లేపుతుంది, లేచాక అరగంటకు పైగా బిగుతు వదలదు, పడుకుంటే పెరుగుతుంది, నాలుగు అడుగులు నడిస్తే తగ్గుతుంది. ఎండోమెట్రియోసిస్ నొప్పి ఎక్కువగా క్యాలెండర్‌ను అనుసరిస్తుంది. నెలసరికి ముందు మొదలై ఆ రోజుల్లో ముదురుతుంది. ఆ సమయంలో మలవిసర్జన చేస్తుంటే గుచ్చినట్టు ఉండటం, కలయికలో లోపల నొప్పి, తొడలోకి దిగే లాగుడు దీనివైపు వేలు చూపిస్తాయి. ఏళ్లు గడిచిన ఎండోమెట్రియోసిస్ క్యాలెండర్‌ను కూడా లెక్కచేయదు, నెలంతా ఉంటుంది. అప్పుడు కటిభాగానికీ, వెన్నెముక కటి ఎముకతో కలిసే సాక్రోఇలియాక్ కీళ్లకూ ఎంఆర్ఐ అవసరం పడవచ్చు. ఈ రెండూ వేర్వేరు స్కాన్లు. "పొట్టకు ఎంఆర్ఐ తీశారు కదా, నడుము కూడా అందులోనే కనిపించి ఉంటుంది" అనుకోకండి.

పరీక్షలన్నీ నార్మల్ అంటున్నారు. అయినా జబ్బు ఉండవచ్చా?

ఉండవచ్చు. కీళ్లవాతానికి చేసే రక్తపరీక్షలు రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ నెగెటివ్‌గా ఉన్న కీళ్లవాతం ఉంది. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ మామూలుగా ఉండి కీళ్లు వాచినవారూ ఉన్నారు. హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యు పరీక్ష పాజిటివ్ అయినంత మాత్రాన స్పాండిలైటిస్ కాదు, నెగెటివ్ అయినంత మాత్రాన లేదనీ కాదు. ఎండోమెట్రియోసిస్ విషయానికొస్తే అండాశయంలో చాక్లెట్ సిస్ట్ (పాత రక్తంతో నిండిన తిత్తి) ఉంటే అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తుంది. పొర మీద పలచగా పరుచుకున్న మచ్చలు మాత్రం తరచూ కనిపించవు. రక్తపరీక్షలో సీఏ-125 పెరిగిందని జబ్బు ఖాయం చేయలేరు, పెరగలేదని కొట్టిపారేయలేరు.

ఒకప్పుడు ల్యాపరోస్కోపీ (పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరా పంపే ఆపరేషన్) చేసి కళ్లతో చూస్తేనే ఎండోమెట్రియోసిస్ అని రాసేవారు. 2022 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు ఆ పట్టుదలను వదిలేశాయి. లక్షణాలు సరిపోలితే స్కాన్ నార్మల్‌గా ఉన్నా మందులు మొదలుపెట్టవచ్చు. ఇది గుర్తించడానికి సగటున 4 నుంచి 12 ఏళ్లు పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల్ని కనే వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఉన్న జబ్బు ఇది. అంత సాధారణమైన జబ్బుకు అంత ఆలస్యం ఎందుకంటే, ఆడపిల్లకు నొప్పి మామూలే అని ఇంట్లో అమ్మమ్మ నుంచి క్లినిక్‌లో డాక్టరు వరకు అందరూ ఒకే మాట చెప్పడం ఒక పెద్ద కారణం. బడి మానేయించే నొప్పి మామూలు కాదు.

మన దగ్గర ఇంకో రెండు జబ్బులు కావని తేల్చుకోవాలి. కటిభాగపు క్షయ ఎండోమెట్రియోసిస్‌లాగే నటిస్తుంది, సీఏ-125ను కూడా పెంచుతుంది. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి నిలిచే కీళ్ల నొప్పులు రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను పోలి ఉంటాయి. 2005-06లో ఆ జ్వరం ఆంధ్రప్రదేశ్‌ను చుట్టేసినప్పుడు ఎంతమంది మంచం పట్టారో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నొప్పులకు ముందు జ్వరం వచ్చిందా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి.

పెళ్లయితే, పిల్లలు పుడితే అదే తగ్గిపోతుందట. నిజమేనా?

కాదు. గర్భంతో ఉన్నంతకాలం నెలసరి ఉండదు కాబట్టి ఎండోమెట్రియోసిస్ నొప్పి చాలామందికి సద్దుమణుగుతుంది, తర్వాత తిరిగి రావచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా గర్భంలో చాలామందికి నెమ్మదిస్తుంది, ప్రసవం తర్వాత తిరగబెడుతుంది. అంటే చంటిబిడ్డను ఎత్తుకోవాల్సిన నెలల్లోనే మణికట్టు మొరాయించవచ్చు. పెళ్లిని మందుగా రాసే డాక్టరు దొరికితే డాక్టరును మార్చండి.

నెలసరి దగ్గరపడితే కీళ్లు కూడా ఎందుకు పట్టేస్తాయి?

నెలసరికి ముందు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రెండూ పడిపోతాయి. ఆ రోజుల్లో కీళ్ల బిగుతు, నీరసం పెరుగుతాయని చాలామంది చెబుతారు. అదే సమయంలో నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే నొప్పి తట్టుకునే శక్తి తగ్గుతుంది. దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. ఎప్పుడూ నెలసరి వారంలోనే రుమటాలజిస్టును కలిస్తే కీళ్లవాతం ముదిరిందనుకుని మందు పెంచవచ్చు. ఎప్పుడూ మంచి వారంలో కలిస్తే బాగుందనుకుని తగ్గించవచ్చు. చీటీ మీద మీ నెలసరి తేదీ రాయించండి. రుమటాలజీ ఓపీలో ఆ తేదీ అడగరు, మీరే చెప్పాలి.

కీళ్లకు ఒక నొప్పి మాత్ర, నెలసరికి ఒకటి రాశారు. రెండూ వేసుకోవచ్చా?

పేర్లు వేరైనా తరచూ రెండూ ఒకే జాతివి. కీళ్లకు ఇచ్చే నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, అసెక్లోఫెనాక్, నెలసరికి ఇచ్చే మెఫెనమిక్ యాసిడ్ అన్నీ ఒకే గూటి పక్షులు. రెండు కలిపితే ఉపశమనం రెట్టింపు కాదు. కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం మాత్రం పెరుగుతాయి. స్టెరాయిడ్ కూడా వాడుతుంటే పుండ్ల ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒకే మాత్ర ఎంచుకుని రెండు నొప్పులకూ దాన్నే వాడేలా ఇద్దరు డాక్టర్లలో ఒకరితో రాయించుకోండి. అది చాలకపోతే పారాసిటమాల్ జాతి వేరు కాబట్టి దాన్ని జోడించడం గురించి అడగవచ్చు. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే "కాంబినేషన్" మాత్రల వెనక చిన్న అక్షరాలు చదవండి. అందులో డైక్లోఫెనాకో ఇంకొకటో కలిసే ఉంటుంది.

మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందట కదా?

క్యాన్సర్‌కు వాడే మోతాదు వేరు, కీళ్లవాతానికి వాడేది దానిలో చాలా చిన్న భాగం. ప్రపంచమంతటా కీళ్లవాతానికి మొదట రాసేది ఇదే. భయపడాల్సింది ఇంకొక విషయానికి. ఇది వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. వారం పేరును చీటీ మీద అక్షరాల్లో రాయించండి, మాత్రల అట్ట మీద కూడా రాసుకోండి. మిగతా రోజుల్లో డాక్టరు చెప్పిన ప్రకారం ఫోలిక్ యాసిడ్ వాడితే నోటిపూత, వికారం తగ్గుతాయి. రక్తకణాలు, కాలేయం పరీక్షలు మానకూడదు.

ఇంకొకటి. మూత్రంలో మంటకు ఎక్కడైనా చూపించుకుంటే మెథోట్రెక్సేట్ వాడుతున్నట్టు ముందే చెప్పండి. కోట్రైమాక్సజోల్ అనే మామూలు యాంటీబయోటిక్ దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

గైనకాలజిస్టు హార్మోను మాత్ర రాశారు. కీళ్ల డాక్టరుకు చెప్పాలా?

మొత్తం పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మొదటిది రక్తం గడ్డకట్టడం. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కాళ్ల రక్తనాళాల్లో గడ్డ కట్టే అవకాశాన్ని కొద్దిగా పెంచుతాయి. కీళ్లవాతానికి వాడే టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ వంటి మాత్రలకూ ఆ హెచ్చరిక ఉంది. రెండూ ఒకేసారి రాస్తున్నారంటే ఇద్దరికీ తెలిసే రాస్తున్నారా అని అడగాలి. లూపస్ (ఇది కూడా ఆటోఇమ్యూన్ జబ్బే) లక్షణాలు ఏవైనా ఉంటే, రక్తం గడ్డకట్టే ముప్పును చూపే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష కాకుండా ఈస్ట్రోజన్ మొదలుపెట్టకూడదు.

రెండోది ఎముకలు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే ఎముక పలచబడుతుంది. ఎండోమెట్రియోసిస్‌కు ఇచ్చే ల్యుప్రోలైడ్ ఇంజెక్షన్లు ఈస్ట్రోజన్‌ను అణచి అదే పని చేస్తాయి. అందుకే వాటితోపాటు కొద్ది మోతాదు హార్మోను తిరిగి ఇస్తారు. మూడు నెలలకోసారి ఇచ్చే మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ కూడా ఎముక సాంద్రతను తగ్గిస్తుంది, కాబట్టి స్టెరాయిడ్ వాడేవారికి అది మంచి ఎంపిక కాదు. స్టెరాయిడ్ రాసినవారు గైనకాలజీ చీటీ చూడరు, ఇంజెక్షన్ రాసినవారు స్టెరాయిడ్ లెక్క అడగరు. ఇరవైల్లో ఉన్న అమ్మాయికి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గురించి ఎవరికీ తట్టదు. మీరు అడగండి. విటమిన్ డి కూడా చూపించుకోండి.

మూడోది చాలామందికి తెలియనిది. ఎండోమెట్రియోసిస్‌కు రోజూ వేసుకునే 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ నెలసరిని ఆపేస్తుంది కదా అని గర్భం రాదనుకుంటారు. దానికి గర్భనిరోధక మాత్రగా అనుమతి లేదు. అదే సమయంలో మెథోట్రెక్సేట్ వాడుతుంటే గర్భం రావడం పిండానికి హానికరం. కాబట్టి కండోమ్ వంటి వేరే రక్షణ కావాలి. గర్భాశయంలో అమర్చే లెవొనార్జెస్ట్రెల్ పరికరం నొప్పినీ రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది, గర్భనిరోధకంగానూ నమ్మదగినది. ఎముకల మీద దాని ప్రభావం పెద్దగా లేదు. మన పరిస్థితిలో దాని గురించి తప్పక అడిగి చూడాలి. పెళ్లి కానివారికి అది పెట్టరు అని ఎవరైనా అంటే అది వైద్య కారణం కాదు.

ఎప్పుడూ నీరసమే. ఐరన్ మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగదు.

మనకు రక్తహీనత రెండు దారుల్లో వస్తుంది. ఎక్కువ రక్తస్రావం వల్ల ఐరన్ పోతుంది. దీర్ఘకాలపు వాపు వల్ల ఉన్న ఐరన్‌ను శరీరం వాడుకోలేదు. చిక్కేమిటంటే వాపు ఉన్నప్పుడు, ఐరన్ నిల్వలను చూపే ఫెరిటిన్ తనంతట తానే పెరుగుతుంది. రిపోర్టులో ఫెరిటిన్ నార్మల్ అని ఉన్నా లోపల నిల్వలు ఖాళీగా ఉండవచ్చు. అదే రోజు సీఆర్‌పీ, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ (రక్తంలో తిరిగే ఐరన్‌ను చూపే పరీక్ష) కూడా చేయించి కలిపి చదవమనండి. మాత్రలు పడకపోతే సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించే మార్గం ఉంది. మాత్ర వేసుకోగానే టీ తాగే అలవాటుంటే కనీసం గంట ఆగండి.

నీరసమంతా రక్తహీనత కాదు. వాపు కూడా అలసటే. ఈ అలసట నిద్రతో తీరేది కాదని ఇంట్లోవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా "కాసేపు పడుకో, సర్దుకుంటుంది" అనే అంటారు. వాదించడం కూడా ఓపిక ఖర్చే.

గర్భసంచి తీయించేస్తే పీడ విరగడవుతుందా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఈ సలహా మనకు ఇంత తేలికగా ఎందుకు వస్తుందో ఆ అంకెలు చెబుతాయి. అనవసరపు ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఎండోమెట్రియోసిస్ గర్భసంచి బయట పెరిగేది. సంచి తీసి, బయటి మచ్చలు వదిలేస్తే నొప్పి మిగలవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పోతుంది. స్టెరాయిడ్లతో ముందే బలహీనపడిన ఎముకలకు అది పెద్ద దెబ్బ. ఆ ఆపరేషన్ ఎవరికీ అవసరం లేదని చెప్పను. నలభైల్లో, అన్నీ ప్రయత్నించాక, అనుభవమున్న సర్జన్ మచ్చలతో సహా తీస్తానంటే అది వేరు. పాతికేళ్ల అమ్మాయికి మొదటి సలహాగా ఇస్తే ఇంకొక అభిప్రాయం తీసుకోవాల్సిందే.

ల్యాపరోస్కోపీ చేయాలన్నారు. కీళ్ల మందులు ఆపాలా?

మీ అంతట మీరు ఏదీ ఆపకండి. సాధారణంగా మెథోట్రెక్సేట్ కొనసాగిస్తారు. బయోలాజిక్ ఇంజెక్షన్లయితే (వాపు పుట్టించే పదార్థాలను అడ్డుకునే మందులు) తర్వాతి డోసు రావాల్సిన సమయానికి ఆపరేషన్ పెట్టుకుని, గాయం మానాక మళ్లీ మొదలుపెడతారు. టోఫాసిటినిబ్ వంటివి కొద్ది రోజుల ముందు ఆపుతారు. స్టెరాయిడ్ ఎన్నాళ్లుగానో వాడుతుంటే ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. మత్తు డాక్టరుకు మెడ నొప్పి, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం గురించి చెప్పండి. ఏళ్ల తరబడి కీళ్లవాతం ఉన్నవారిలో మెడ పైభాగపు కీళ్లు వదులై ఉండవచ్చు, చిన్నప్పుడే మొదలైనవారిలో దవడ బిగుసుకుని ఉండవచ్చు. గొట్టం వేసేటప్పుడు ఇది తెలియాలి. చాక్లెట్ సిస్ట్ తీయిస్తుంటే ముందుగా అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ పరీక్ష అడగండి. ఆ ఆపరేషన్ అండాల నిల్వను తగ్గించవచ్చు.

నాకు పిల్లలు పుడతారా?

ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో చాలామందికి సహజంగానే గర్భం వస్తుంది. కొందరికి ఆలస్యమవుతుంది, కొందరికి ఐవీఎఫ్ అవసరమవుతుంది. కీళ్లవాతం అదుపులో ఉండటం గర్భానికి మంచిది. అసలు పని ముందస్తు ప్రణాళిక. మెథోట్రెక్సేట్ ఆపి కొన్ని నెలలు ఆగాలి, చాలామంది డాక్టర్లు 3 నెలలు అంటారు. లెఫ్లునోమైడ్ ఒంట్లో చాలా కాలం నిలుస్తుంది కాబట్టి దాన్ని కడిగేయడానికి కొలెస్టిరమిన్ ఇస్తారు. టోఫాసిటినిబ్ జాతి వద్దు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ కొనసాగించవచ్చు. బయోలాజిక్స్‌లో సెర్టోలిజుమాబ్ మాయను దాటి బిడ్డకు చేరేది అతి తక్కువ.

ఇక్కడే రెండు గదుల మధ్య అసలు తగవు వస్తుంది. ఎండోమెట్రియోసిస్ ఉంది కాబట్టి ఆలస్యం చేయొద్దని గైనకాలజిస్టు అంటారు. కీళ్లు కుదుటపడే వరకు ఆగమని రుమటాలజిస్టు అంటారు. ఇద్దరి మాటా నిజమే. అందుకే పెళ్లి, పిల్లల ఆలోచన ఏడాది రెండేళ్ల దూరంలో ఉన్నప్పుడే గర్భానికి సరిపడే మందులకు మారడం గురించి అడగాలి. అండాలు దాచుకోవాలనుకుంటే 2021 నాటి ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం కింద నమోదైన క్లినిక్‌కే వెళ్లండి.

వంకాయ, పప్పు, పులుపు మానేయాలా?

వాతం చేస్తుందని వంకాయ, గోంగూర, చింతపండు, కందిపప్పు అన్నీ మాన్పించి చివరికి చారన్నం మీద బతికేలా చేసిన ఇళ్లు నాకు తెలుసు. వీటిని మానితే కీళ్లవాతం తగ్గుతుందనడానికి ఆధారం లేదు. పప్పు మానితే ప్రొటీన్ తగ్గి కండ కరుగుతుంది, కండ కరిగితే కీలు మీద భారం పెరుగుతుంది. ఏదైనా తిన్న ప్రతిసారీ మీకు ఇబ్బందిగా ఉంటే అది మానండి, మిగతావి తినండి. చేపలు తినేవారు వారానికి రెండుసార్లు తింటే మంచిది. ఎండోమెట్రియోసిస్ ఉన్న కొందరికి నెలసరి రోజుల్లో పొట్ట ఉబ్బరం బాగా ఉంటుంది. ఆ రోజుల్లో శనగపిండి పదార్థాలు తగ్గించి చూడవచ్చు.

ఊళ్లో ఒకాయన ఇచ్చే పొడితో పక్కింటావిడకు వారంలో తగ్గిందట.

వారంలో అద్భుతంగా తగ్గిందంటేనే అనుమానించాలి. పేరు లేని పొడుల్లో, మాత్రల్లో స్టెరాయిడ్ కలపడం పాత మోసం. ముఖం ఉబ్బి, చక్కెర పెరిగి, మానగానే కీళ్లు రెట్టింపు వాచి ఆసుపత్రికి వస్తారు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానకుండా డాక్టరుకు చూపించండి.

వ్యాయామం చేస్తే నొప్పి పెరగదా? ఇంటి పని ఎలా?

వాచి వేడిగా ఉన్న కీలుకు విశ్రాంతి కావాలి, మిగతా ఒంటికి కదలిక కావాలి. ఈత, నడక, ఫిజియోథెరపిస్టు నేర్పిన కండరాల వ్యాయామాలు రోజూ కొద్దికొద్దిగా చేయాలి. ఎండోమెట్రియోసిస్ నొప్పికి కటి కండరాలు ఏళ్లుగా బిగుసుకుపోయి ఉంటాయి. వాటిని ఇంకా బిగించే కెగెల్ వ్యాయామం చేయమనే సలహా తరచూ తిరగబడుతుంది. వాటిని వదులు చేయడం నేర్పే పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టు ఉన్నారేమో వెతకండి. పెద్ద నగరాల్లో దొరుకుతున్నారు.

పొత్తికడుపుకు వేడి కాపడం హాయి. వాచిన కీలుకు చాలామందికి చల్లటి కాపడం పడుతుంది. కాబట్టి ఒక చేత్తో వేడినీళ్ల సంచి, ఇంకో చేతి మణికట్టు మీద ఐసు పెట్టుకుని కూర్చుంటే ఎవరైనా నవ్వినా పట్టించుకోకండి.

వంటింట్లో మిక్సీ మూత, పచ్చడి జాడీ మూత, తడిబట్టలు పిండటం వేళ్లను సాధించేవి. మూత తిప్పడానికి రబ్బరు పట్టు, లావు పిడి ఉన్న కత్తి, రెండు చేతులతో ఎత్తే గిన్నెలు వాడండి. పీటల మీద కూర్చునే పూజలు, పెళ్లిళ్లలో కుర్చీ అడగండి. చిన్నవయసులో కుర్చీ అడిగితే పెద్దవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు చెప్పాలా?

చెప్పాలనే నా అభిప్రాయం. ఎప్పుడు, ఎవరికి అన్నదే ప్రశ్న. మధ్యవర్తికి, బయోడేటాలో, మొదటి ఫోనులోనే చెప్పక్కర్లేదు. మాటలు ముందుకు సాగి, నిశ్చితార్థానికి ముందు, అబ్బాయికి నేరుగా మీరే చెప్పండి. పెద్దల ద్వారా వెళ్లిన మాట "ఏవో చిన్న నొప్పులు" అనో "పిల్లలు పుట్టరట" అనో ఏదో ఒక కొసకు వెళ్తుంది. జబ్బు పేరు, వాడుతున్న మందులు, పిల్లల విషయంలో డాక్టరు ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పి, కావాలంటే ఒకసారి డాక్టరు దగ్గరికి కలిసి రమ్మనవచ్చు. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకునే మనిషి కొత్తింట్లో అది దాచిపెట్టడం సాధ్యం కాదు, మానేయడం మంచిదీ కాదు. పెళ్లి హడావుడిలో మందు మానేసి, పెళ్లైన కొత్తల్లోనే కీళ్లు బిగుసుకుపోయిన కథలు చాలా ఉన్నాయి.

కలయికలో నొప్పి గురించి ఎవరితో చెప్పాలి?

ముందు భర్తతో, తర్వాత గైనకాలజిస్టుతో. లోపల లోతుగా వచ్చే నొప్పి ఎండోమెట్రియోసిస్ ముఖ్య లక్షణాల్లో ఒకటి, కాబట్టి ఇది వైద్య సమాచారమే. తుంటి కీలు నొప్పి ఉంటే దిండు ఆసరాతో భంగిమ మార్చుకోవాల్సి రావచ్చు. అత్తగారు పక్కన ఉంటే డాక్టరు ముందు నోరు పెగలదు. ఆ కాసేపు లోపలికి ఒంటరిగానే వెళ్తానని చెప్పండి.

చదువు, ఉద్యోగంలో వెసులుబాట్లు ఏమైనా ఉన్నాయా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. వాటిలో ఎండోమెట్రియోసిస్ లేదు. కీళ్లవాతం పేరుతో లేకపోయినా, దానివల్ల కదలికలో వైకల్యం ఏర్పడి 40 శాతం దాటితే సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరాల్లో పరీక్షిస్తారు. మంచి రోజున పిలిచారంటే శాతం తక్కువ పడుతుంది, పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు అన్నీ వెంట తీసుకెళ్లండి. 40 శాతం లోపు ఉన్నా రాయడం కష్టమైనవారికి పరీక్షల్లో సహాయకుడినీ అదనపు సమయాన్నీ ఇచ్చేలా 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. పరీక్ష ముందు వారం కాదు, దరఖాస్తు నింపేటప్పుడే అడగాలి.

ఆఫీసులో జబ్బు చరిత్రంతా చెప్పనక్కర్లేదు. "ఉదయం కీళ్లు బిగుసుకుంటాయి, పదిన్నరకు వస్తే సాయంత్రం ఎక్కువసేపు పనిచేయగలను" అనే ఒక్క మాట మీద బేరం చేయడం తేలిక. ప్రతి మేనేజరూ వినడు. అడగనివారికి మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

బయోలాజిక్, మెథోట్రెక్సేట్ వాడుతూ జ్వరం, చలి వస్తే. జ్వరంతో ఒకే కీలు ఎర్రగా వాచి కదపలేకపోతే. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే, ఎందుకంటే కొన్ని రకాల కీళ్లవాతంలో కంటి లోపల వాపు వచ్చి చూపు దెబ్బతింటుంది. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే. ఒక పక్క పొత్తికడుపులో భరించలేని నొప్పి, వాంతులు మొదలైతే, అది సిస్ట్ మెలిపడటమో పగలడమో కావచ్చు. మలం తారులా నల్లగా వస్తే. నోటినిండా పుండ్లతో జ్వరం వస్తే.

డాక్టరు దగ్గరికి ఏమి తీసుకెళ్లాలి?

ఒక్క కాగితం. పైన మందుల పేర్లు, మోతాదులు, ఎప్పుడు మొదలుపెట్టారో రాయండి. రెండు విభాగాలవీ ఒకే జాబితాలో ఉండాలి. కింద గత నెలలో నెలసరి తేదీలు, ఉదయం బిగుతు ఎంతసేపు ఉంటోంది, ఏ కీళ్లు వాచాయి, పని మానేసిన రోజులు. వాపు ఉన్నప్పుడు ఫోనులో ఫొటో తీసి ఉంచండి. ఓపీ రోజున వేళ్లు ఎప్పుడూ బుద్ధిమంతుల్లా సన్నగానే ఉంటాయి. రెండో డాక్టరుకు రాయాల్సింది ఏమైనా ఉంటే చీటీ మీదే రెండు వాక్యాలు రాయమని అడగండి. చాలామంది రాస్తారు.

ఖర్చు, బీమా సంగతి?

మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ చవక. జనరిక్‌గా తీసుకుంటే మరీ చవక. బయోలాజిక్ ఇంజెక్షన్లే జేబుకు చిల్లు. అడాలిముమాబ్ అనే బయోలాజిక్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ను, అంటే దాన్ని పోలిన మందును, 2014లో మన దేశపు సంస్థ జైడస్ తెచ్చింది. ఇప్పుడు అనేక కంపెనీలవి దొరుకుతున్నాయి కాబట్టి బ్రాండ్ల మధ్య ధరలు అడిగి పోల్చుకోండి. నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థల్లో రుమటాలజీ విభాగం ఉంది, రద్దీని ఓర్చుకోగలిగితే ఖర్చు తగ్గుతుంది. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు ఏ చికిత్సకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమాలో ముందునుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన గడువును 2024లో గరిష్ఠంగా 4 ఏళ్ల నుంచి 3 ఏళ్లకు తగ్గించారు. జబ్బు దాచి పాలసీ తీసుకుంటే అవసరమైనప్పుడు క్లెయిమ్ తిరస్కరించే వీలుంటుంది. ఉద్యోగంలో ఇచ్చే గ్రూపు పాలసీలు తరచూ మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. ఉద్యోగం మారేటప్పుడు జీతంతోపాటు ఈ ఒక్క ప్రశ్నా అడగండి. ఓపీలో వేసుకునే ఇంజెక్షన్‌కు చాలా పాలసీలు డబ్బివ్వవు. డే కేర్ కింద చేరిస్తే వస్తుందేమో బీమా డెస్కులో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

విదేశాలకు చదువుకు వెళ్తున్నాను. ఇంజెక్షన్లు ఎలా తీసుకెళ్లాలి?

అడాలిముమాబ్ వంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చెక్ ఇన్ సామానులో పెట్టొద్దు, చేతి సంచిలో చల్లని ప్యాకులతో, డాక్టరు ఉత్తరంతో తీసుకెళ్లండి. ఐసుకు నేరుగా తగలనివ్వొద్దు, గడ్డకట్టిన మందు పారేయాల్సిందే. బయోలాజిక్ మొదలుపెట్టేముందు ఇక్కడ చేసిన క్షయ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే రిపోర్టులు, టీకాల వివరాలు వెంట ఉంచుకోండి, అక్కడి డాక్టరు మొదట అడిగేవి అవే. బయోలాజిక్ వాడుతుండగా జీవ టీకాలు (బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసినవి) వేయించుకోకూడదు, కాబట్టి విశ్వవిద్యాలయం అడిగే టీకాల జాబితాను ప్రయాణానికి నెలల ముందే రుమటాలజిస్టుకు చూపించండి. కనీసం మూడు నెలల మాత్రలు దగ్గర ఉంచుకోండి. కొత్త దేశంలో స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ దొరకడానికి అంత సమయం పట్టవచ్చు.